బుగాటి రాయల్: ఆరు కార్లు, ఎవరెవరి చేతులు మారాయి?

ఏనుగు_బొమ్మ
అందరికీ నమస్కారం. నేనుండేది జర్మనీలో. రైన్ నది దాటితే ఫ్రాన్స్ వైపు మ్యులూజ్ అనే ఊరుంది, అక్కడి కార్ల మ్యూజియానికి వీలు దొరికినప్పుడల్లా వెళ్తుంటాను. అక్కడున్న రెండు బుగాటి రాయల్ కార్ల ముందు నిలబడిన ప్రతిసారీ ఒకటే అనిపిస్తుంది, వీటి ఇంజన్ గురించి అందరూ రాస్తారు గానీ ఇవి ఎవరి దగ్గర్నుంచి ఎవరి దగ్గరికి వెళ్లాయో తెలుగులో ఎవరూ రాయలేదు. అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

తెలియనివాళ్ల కోసం ముందు నాలుగు ముక్కలు. ఎట్టోరే బుగాటి 1920ల్లో ప్రపంచంలోని రాజులకు అమ్మాలని టైప్ 41 రాయల్ తలపెట్టాడు. పాతిక చేద్దామనుకున్నాడు, 1927కీ 1933కీ మధ్య చేసింది ఆరే. ఒకే వరుసలో ఎనిమిది సిలిండర్లు, 12.7 లీటర్ల ఇంజన్, ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్యే 4.3 మీటర్లు, బరువు మూడు టన్నుల పైమాటే. రేడియేటర్ మూత మీద వెనక కాళ్ల మీద లేచి నిలబడ్డ ఏనుగు ఉంటుంది. అది ఎట్టోరే తమ్ముడు రెంబ్రాంట్ చేసిన శిల్పం నుంచి తీసుకున్నది. ఆ తమ్ముడు ఈ కారు పుట్టకముందే, 1916లోనే చనిపోయాడు.

అసలు విషయం ఏమిటంటే, రాజుల కోసం చేసిన ఈ బండిని ఒక్క రాజూ కొనలేదు. మొత్తం మీద మూడే అమ్ముడయ్యాయి. కొన్నవాళ్లు ఒక రెడీమేడ్ బట్టల వ్యాపారి, ఒక కాన్పుల డాక్టరు, ఒక ఇంగ్లీషు కెప్టెన్. మిగతా మూడూ బుగాటి ఇంట్లోనే ఉండిపోయాయి. ఒక్కో కారూ తీసుకుని మాట్లాడుకుందాం, తెలిసినవాళ్లు తెలిసింది రాయండి.

చార్మినార్_చాయ్
మంచి టాపిక్ అన్నా. మన దగ్గర చూస్తే దీనికి సరిగ్గా ఉల్టా కథ. చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది కదా, 1912 నాటిది, లండన్‌లో బార్కర్ వాళ్లు బాడీ కట్టారు, వెనక సీటు సింహాసనంలా ఉంటుంది. ఆర్డర్ ఇచ్చింది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్, ఆయన 1911లో చనిపోయారు, బండి వచ్చేసరికి గద్దె మీద ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్. అంటే రాజే ఆర్డర్ ఇచ్చాడు, రాజు ఇంట్లోనే ఉంది, కానీ తిరిగింది చాలా తక్కువ. అంత పెద్ద సంస్థానాధీశులు ఇక్కడ ఉండగా బుగాటి మన రాజులకు ఒక్కటైనా అమ్మలేకపోవడం ఆశ్చర్యంగానే ఉంది.

ఇంకో మాట, అల్బేనియా రాజు జోగ్ అడిగితే ఎట్టోరే ఇవ్వనన్నాడట నిజమేనా? ఆయన భోజనం చేసే పద్ధతి నచ్చలేదని ఎక్కడో చదివా.

ఏనుగు_బొమ్మ
@చార్మినార్_చాయ్ జోగ్ కథ అందరూ చెప్తారు, నేనైతే దాన్ని పుకారు కిందే పెడతాను. స్పెయిన్ రాజు పదమూడో అల్ఫోన్సో సంగతి వేరు. ఆయన తీసుకుంటాడని బుగాటి గట్టిగా ఆశపెట్టుకున్నాడు, కానీ 1931లో ఆయనే సింహాసనం పోగొట్టుకుని దేశం దాటాల్సి వచ్చింది. అదీ గాక 1929లో అమెరికాలో షేర్ మార్కెట్ కూలాక అంత ఖరీదైన కారు కొనే ధైర్యం డబ్బున్నవాళ్లకూ లేకపోయింది. 1932లో లండన్ ఒలింపియా కార్ల ప్రదర్శనలో, కెల్నర్ అనే బాడీ కట్టే కంపెనీ బాడీ ఉన్న రాయల్‌ని 6,500 పౌండ్లకు పెట్టారు. చూసినవాళ్లే తప్ప కొన్నవాళ్లు లేరు.

మిగిలిపోయిన ఇంజన్లు మాత్రం వృథా కాలేదు. వాటిని రైలు బండ్లకు పెట్టారు. ఒక్కో రైల్‌కార్‌కి రెండో నాలుగో ఇంజన్లు, ఫ్రాన్స్ పట్టాల మీద ఏళ్ల తరబడి పరిగెత్తాయి. కంపెనీని ఆ రోజుల్లో నిలబెట్టింది కూడా ఆ ఆర్డర్లే.

ఆటోనగర్_బాబాయ్
బెజవాడ ఆటోనగర్‌లో నాకు షెడ్డుంది, పాత బండ్ల ఇంజన్లు కడతాను. నాకు వీటిలో డాక్టరు గారి కారు కథే కావాలి. బ్లాక్ పగిలిపోయి తుక్కులో పడున్న బండి అని విన్నాను. ఎలా పగిలింది, ఎవరు బాగు చేశారు?

మిషిగన్_మామ
ఆ కారు మా ఊరి పక్కనే ఉంది కాబట్టి ఇది నేను రాస్తాను. డియర్‌బోర్న్‌లోని హెన్రీ ఫోర్డ్ మ్యూజియంలో పెట్టారు. మిషిగన్‌కి చుట్టాలొస్తే మేమందరం తీసుకెళ్లే చోటే అది, కానీ చాలామంది కెన్నెడీ ఎక్కిన కారు దగ్గర ఫోటో దిగి దీన్ని దాటి వెళ్లిపోతారు.

ఛాసిస్ (బాడీ కింద ఉండే చట్రం) నంబరు 41121. న్యూరెంబర్గ్‌కి చెందిన జోసెఫ్ ఫుక్స్ అనే కాన్పుల డాక్టరు ఉత్త ఛాసిస్ కొని, మ్యూనిక్‌లో లుడ్విగ్ వైన్‌బర్గర్ దగ్గర మడిచే టాపు ఉన్న బాడీ కట్టించుకున్నాడు. 1932లో కారు చేతికొచ్చింది. మరుసటేడు జర్మనీలో హిట్లర్ వచ్చాడు. 1933 ప్రాంతంలోనే డాక్టరు స్విట్జర్లాండ్ వెళ్లిపోయాడు, అక్కణ్ణుంచి షాంఘై, 1937 ప్రాంతంలో న్యూయార్క్. ఇంత తిరుగుడులోనూ ఆ మూడు టన్నుల కారుని మాత్రం వదల్లేదు. ఇల్లూ ఊరూ ప్రాక్టీసూ వదిలేసి దేశాలు పట్టుకు తిరిగే మనిషికి అదెంత బరువో ఒక్కసారి ఆలోచించండి.

న్యూయార్క్ చలికాలంలో లోపలి నీళ్లు గడ్డకట్టి బ్లాక్ పగిలింది. బండి తుక్కు యార్డుకి చేరింది. అక్కడ దాన్ని కాపాడింది చార్లెస్ చేన్ అనే ఆయన. అప్పట్లో బ్యూయిక్‌లో చీఫ్ ఇంజినీరు, తర్వాత జనరల్ మోటార్స్‌లో వైస్ ప్రెసిడెంట్ అయ్యాడు. ఈ కారు సంగతి ఆయనకు ముందే తెలుసు. 1946లో కొన్నాడు, నాలుగు వందల డాలర్లకని చెప్తారు. బ్లాక్ బాగు చేయించి, ఒక్క కార్బురేటర్ ఉన్న చోట నాలుగు పెట్టి, నలుపు రంగు తీసి తెల్లటి రంగు వేయించి, ఆకుపచ్చ అంచులు పెట్టించాడు. కొన్నేళ్లు నడుపుకుని 1950ల చివర్లో ఆయనా భార్య ఎస్తర్ కలిసి ఈ మ్యూజియానికి ఉచితంగా ఇచ్చేశారు. జీవితమంతా జనరల్ మోటార్స్‌లో పనిచేసిన మనిషి తన బుగాటిని ఫోర్డ్ పేరున్న మ్యూజియానికి ఇచ్చాడు, చూడండి.

ఆటోనగర్_బాబాయ్
థాంక్స్ మామా. ఇప్పుడు పని సంగతి నేను చెప్తాను, ఎందుకంటే "బాగు చేయించాడు" అని ఒక్క మాటలో పోయేది కాదు అది.

నీళ్లు గడ్డకడితే దాదాపు తొమ్మిది శాతం ఉబ్బుతాయి. బ్లాక్ చుట్టూ ఉండే నీటి జాకెట్‌లో అవి ఉబ్బడానికి జాగా ఉండదు, పోత ఇనుము సాగదు, ఫట్‌మని పగుల్తుంది. అంతటితో పోదు, రాయల్‌లో హెడ్డు విడిగా ఊడి రాదు, బ్లాకూ హెడ్డూ ఒకటే పోత. వాల్వులు నూరాలన్నా మొత్తం విప్పాల్సిందే. అలాంటి పోతలో పగులు వస్తే మామూలు వెల్డింగు పనికిరాదు, పక్కనే మళ్లీ పగుల్తుంది. మొత్తం పోతని వేడెక్కించి, వెల్డు చేసి, మెల్లగా చల్లార్చాలి, లేదంటే పగులు పొడవునా మేకుల్లాంటి ముక్కలు దిగ్గొట్టి కుట్టాలి. విడిభాగం కొందామంటే ప్రపంచంలో ఉన్నవే ఆరు కార్లు. తుక్కు వాడు దాన్ని ఇనుము లెక్కన చూడటంలో వింతేం లేదు.

నాలుగు కార్బురేటర్లు పెట్టడం మాత్రం నాకు నచ్చలేదు. ఇంజినీరు కాబట్టి చెయ్యి ఊరుకోలేదు, అర్థమవుతుంది. కానీ అసలు ఇంజన్ ఎలా ఊపిరి తీసుకునేదో ఆ ఒక్క కారులో మనకు తెలియకుండా పోయింది కదా.

కాకినాడ_కాజా
నాకు కార్ల గురించి పెద్దగా తెలీదండీ, చరిత్ర కోసం చదువుతున్నాను. మామ గారూ, డాక్టరు గారి భాగం చదివి చాలాసేపు అలా ఉండిపోయాను. రెండో కొనుగోలుదారు ఎవరు? హెడ్‌లైట్లు లేని రాయల్ అని ఒక ఫోటో చూశాను, అది ఇదేనా?

ఏనుగు_బొమ్మ
@కాకినాడ_కాజా గారూ, అది వేరే కారు, మొత్తం ఆరింటిలో చిక్కుముడి ఎక్కువున్న చరిత్ర దానిదే. ఛాసిస్ నంబరు 41111.

1932లో ఆర్మాండ్ ఎస్డర్స్ అనే ఫ్రెంచ్ బట్టల వ్యాపారి కొన్నాడు. ఎట్టోరే కొడుకు జాన్ బుగాటి దానికి రెండు సీట్ల రోడ్‌స్టర్ (తెరిచి ఉండే) బాడీ గీశాడు. రాత్రి పూట తాను బండి నడపను కాబట్టి హెడ్‌లైట్లు వద్దన్నాడు ఎస్డర్స్. ముందు భాగం అంత నున్నగా, అంత పొడుగ్గా ఉండటానికి కారణం అదే. జాన్ వయసు అప్పటికి పాతిక లోపే. నా దృష్టిలో ఆ ఆరు కార్ల మీద కట్టిన బాడీలన్నిటిలో అందమైంది అదే, దీని మీద ఎవరితోనైనా వాదిస్తాను.

కొన్నేళ్లకు కారు చేతులు మారింది. పటెనోత్ర్ అనే ఫ్రెంచ్ రాజకీయ నాయకుడి దగ్గరికి వెళ్లి, ప్యారిస్‌లో ఆన్రీ బాండర్ షాపులో ఆ రోడ్‌స్టర్ బాడీ ఊడబీకి, ముందు డ్రైవరు, వెనక మూసిన గది ఉండే కూపే డి విల్ బాడీ కట్టారు. రుమేనియా రాజుకు వెళ్లాల్సిందని, ఈలోపు యుద్ధం వచ్చిందని చెబుతారు. జర్మన్ల కంట పడకుండా ప్యారిస్ మురుగు సొరంగాల్లో దాచారనీ చెబుతారు, కానీ ఆరు మీటర్ల పైన పొడుగున్న బండిని సొరంగంలో ఎలా దింపారన్నది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

యుద్ధం తర్వాత ఇంగ్లండ్, 1954లో ఫ్లోరిడాకి చెందిన డడ్లీ విల్సన్, ఆయన పోయాక 1961లో అట్లాంటా బ్యాంకరు మిల్స్ లేన్, 1964లో నెవాడా కాసినోల యజమాని బిల్ హారా. హారా 1978లో చనిపోయాక ఆయన కార్లు హాలిడే ఇన్ కంపెనీ చేతికి వెళ్లి, వేలానికి వచ్చాయి. 1986లో కాలిఫోర్నియా ఇళ్ల బిల్డరు విలియం లయన్ కొన్నాడు. చివరికి 1999లో ఫోక్స్‌వ్యాగన్. అంతకు ముందేడే వాళ్లు బుగాటి పేరు కొన్నారు. అంటే ఆరింటిలో మళ్లీ బుగాటి బ్రాండు గూటికి చేరింది ఇదొక్కటే.

ఛాసిస్_నంబర్
రవాణా శాఖలో పనిచేసి రిటైరయ్యాను, ఆర్‌సీ పుస్తకాలు చూసీ చూసీ కళ్లు పోయాయి. ఇక్కడ ఒక విషయం తేల్చుకోవాలి. ఏనుగు_బొమ్మ గారు "ఎస్డర్స్ కారు" అన్నప్పుడు ఏ కారు అంటున్నారు? ఆ బాడీ పోయింది. ఇప్పుడు ఫోక్స్‌వ్యాగన్ దగ్గరున్న దాంట్లో ఎస్డర్స్ ముట్టుకున్నది ఛాసిస్, ఇంజన్ మాత్రమే. ఇంకోవైపు మ్యులూజ్ మ్యూజియంలో ఎస్డర్స్ రోడ్‌స్టర్ అని ఒకటి పెట్టారు, అది తర్వాత రోజుల్లో మిగిలిన అసలు భాగాలు చాలా వాడి కట్టిన నకలు. రూపం అక్కడుంది, నంబరు ఇక్కడుంది.

నా లెక్కలో నంబరే ముఖ్యం. పాత ఇల్లు పడగొట్టి అదే జాగాలో కొత్త ఇల్లు కట్టినా సర్వే నంబరు మారదు, దస్తావేజులు అలాగే నడుస్తాయి. ఇదీ అంతే. 41111 యజమానుల వరుసలో మొదటి పేరు ఎస్డర్స్, దాన్ని ఎవరూ కొట్టేయలేరు. నకలుకి ఎంత అందమున్నా దాని వరుస అది కట్టిన రోజు నుంచే మొదలవుతుంది.

చార్మినార్_చాయ్
సార్, కాగితం ప్రకారం మీరన్నది కరెక్టే. కానీ జనం టికెట్ కొని చూసేది కాగితాన్ని కాదు కదా. జాన్ బుగాటి గీసిన గీత కళ్లారా చూడాలంటే మ్యులూజ్‌లోని నకలే దిక్కు. అది లేకపోతే ఆ డిజైను నాలుగు నలుపు తెలుపు ఫోటోల్లో మిగిలేది.

ఆటోనగర్_బాబాయ్
నకలు కట్టినవాళ్ల మీద నాకు గౌరవం ఉంది, అది తక్కువ పని కాదు. కానీ ఆ బోర్డు మీద నకలు అని పెద్ద అక్షరాల్లో ఉండాలి, అంతే. మన దగ్గర పాత బండ్ల మార్కెట్‌లో పెద్ద రోగం ఇదే, ఒక నంబర్ ప్లేటు, ఒక ఆర్‌సీ దొరికితే చాలు, దాని చుట్టూ బండి పుట్టిస్తారు. కొనేవాడు ముత్తాతల కాలం నాటిదని మురిసిపోతాడు. ఛాసిస్ పొడవునా వేలితో తడిమి చూడకుండా ఏ బండీ కొనొద్దని ఇక్కడి పిల్లలందరికీ చెప్తున్నా.

ఇంకో సంగతి, అప్పట్లో బాడీ మార్చడం తప్పు కాదు. ఛాసిస్ ఒకడి దగ్గర కొని బాడీ ఇంకొకడి దగ్గర కట్టించుకోవడమే పద్ధతి. ఎట్టోరే తన సొంత కారుకి ఎన్ని బాడీలు మార్చాడో అడగండి.

ఏనుగు_బొమ్మ
బాబాయ్ సరైన చోటికి తెచ్చారు. మొదటి ఛాసిస్ 41100 ఎట్టోరే సొంత కారు. ముందు ప్యాకార్డ్ కారు బాడీ తెచ్చి బిగించారు, ఆ తర్వాత వరసగా ఇంకో మూడు మార్చారు. ప్యారిస్ నుంచి వస్తూ నిద్రమత్తులో ఎట్టోరే దాన్ని గుద్దేశాక జాన్ కొత్తగా గీసిన బాడీ కట్టారు. కూపే నెపోలియన్ అని ఇప్పుడు అందరూ చెప్పుకునేది అదే. మ్యులూజ్‌లో ఉంది.

ఇక అమ్ముడుపోని మూడింటి గురించి. యుద్ధ కాలంలో ఈ 41100నీ, కెల్నర్ బాడీ ఉన్న 41141నీ, బెర్లీన్ డి వోయాజ్ (దూర ప్రయాణాల బాడీ) అనే 41150నీ బుగాటి కుటుంబం ప్యారిస్‌కి ఉత్తరాన ఎర్మెనోన్విల్‌లో గోడ కట్టేసి దాచింది. జాన్ 1939లో కారు టెస్ట్ చేస్తూ చనిపోయాడు, ఎట్టోరే 1947లో పోయాడు. ఆ తర్వాత ఎట్టోరే పెద్ద కూతురు లెబే, 1950లో ఫ్రాన్స్‌లోని లె మాన్ కార్ల రేసుకి వచ్చిన అమెరికన్ బ్రిగ్స్ కనింగ్‌హామ్‌కి రెండు రాయల్ కార్లు అమ్మింది. కొంత డబ్బూ, దాంతోపాటు రెండు కొత్త జనరల్ ఎలక్ట్రిక్ ఫ్రిజ్‌లూ తీసుకుందని చెబుతారు.

కాకినాడ_కాజా
ఈ ఫ్రిజ్‌ల ముక్క నేనూ ఇంతకు ముందు చూశాను, ఎక్కడ రాసినా నవ్వుతూనే రాస్తారు. "కోట్ల కారుని ఫ్రిజ్‌లకి ఇచ్చేసింది" అని. నాకది అన్యాయంగా అనిపిస్తుందండీ. తమ్ముడు పోయాడు, తండ్రి పోయాడు, కంపెనీ మునిగిపోతోంది, యుద్ధం అయిన దేశంలో అలాంటి సామాను డబ్బిచ్చినా దొరకదు. పద్దెనిమిదేళ్లుగా ఎవరూ కొనని కార్లు, రెండూ కలిపి ఆరేడు టన్నులు, పెట్రోలు తాగే ఇంజన్లు. ఆ రోజు ఆవిడ చేతిలో ఉన్నది పాత బరువే కానీ నిధి కాదు. పైగా ఆవిడ తుక్కుకి వేయలేదు, వాటి విలువ తెలిసిన మనిషి చేతిలో పెట్టింది. యజమానుల పట్టికల్లో లెబే పేరు కూడా మర్యాదగా రాయాలి.

మిషిగన్_మామ
@కాకినాడ_కాజా వంద శాతం ఒప్పుకుంటానమ్మా. గోడ కట్టి దాచడమూ, సమయం వచ్చినప్పుడు సరైన వాడికి అమ్మడమూ, రెండూ కాపాడటమే.

ఛాసిస్_నంబర్
ఆ రెండు కార్ల ధరలు ఎలా పాకాయో చూడండి, తారీఖుల వారీగా ఉన్నవే రాస్తున్నాను. కెల్నర్ కారుని కనింగ్‌హామ్ చాలా ఏళ్లు ఉంచుకున్నాడు. 1987 నవంబర్‌లో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో క్రిస్టీస్ వాళ్లు వేలం వేస్తే స్వీడన్ రియల్ ఎస్టేట్ వ్యాపారి హాన్స్ తూలిన్ 55 లక్షల పౌండ్లకు పాడుకున్నాడు. అప్పటికి ప్రపంచంలో ఏ కారుకీ వేలంలో అంత పలకలేదు. 1990లో అదే కారు జపాన్‌కి చెందిన మైటెక్ కంపెనీకి 1 కోటి 57 లక్షల డాలర్లకు వెళ్లింది.

41150ది ఇంకో దారి. కనింగ్‌హామ్ దాన్ని త్వరగానే అమ్మేశాడు, కామెరాన్ పెక్ లాంటివాళ్ల చేతులు దాటి అదీ హారా దగ్గరికే చేరింది. 1986లో హ్యూస్టన్ వ్యాపారి జెర్రీ మూర్ 65 లక్షల డాలర్లకు కొని, ఏడాది తిరక్కుండానే డొమినోస్ పిజ్జా యజమాని టామ్ మొనాహన్‌కి 81 లక్షలకు అమ్మాడు. మొనాహన్ 1991లో దాదాపు 80 లక్షలకే వదిలించుకున్నాడు. జపాన్ డబ్బు ఆగిపోగానే పాత కార్ల బుడగ పేలిన రోజులవి. పాత కారు ధర ఎప్పుడూ పెరుగుతూనే ఉంటుందని నమ్మి అప్పు చేసి కొనేవాళ్లు ఈ ఒక్క లావాదేవీ గుర్తుపెట్టుకుంటే చాలు.

ఏనుగు_బొమ్మ
మిగిలింది ఇంగ్లీషు కెప్టెన్ కారు, 41131. కుత్‌బర్ట్ ఫోస్టర్ 1933లో కొని, లండన్‌లో పార్క్ వార్డ్ దగ్గర పెద్ద లిమోజిన్ బాడీ కట్టించాడు. ఆరింటిలో అన్నిటికన్నా సాదాగా కనిపించేది అదే. 1946లో జాక్ లెమన్ బర్టన్ సుమారు 700 పౌండ్లకు కొన్నాడు, 1956లో అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రానికి చెందిన జాన్ షేక్స్‌పియర్ కొన్నాడు. ఆయన దగ్గర ముప్పై బుగాటీలుండేవి. 1964లో ఆ ముప్పైనీ కలిపి ఒకేసారి అమ్మేశాడు. టాపులేని గూడ్సు వ్యాగన్ల మీద వరుసగా బుగాటీలు ఎక్కించి, చుట్టూ మంచు పడి ఉన్న ఫోటోలు ఇప్పటికీ దొరుకుతాయి, తప్పక చూడండి.

కొన్నది మ్యులూజ్‌లోని మిల్లు యజమాని ఫ్రిట్జ్ ష్లుంఫ్. కూపే నెపోలియన్ కూడా అంతకు కొంచెం ముందే ఆయన చేతికి వచ్చింది.

మిల్లు_కాలనీ
ఇన్నాళ్లూ ఈ ఫోరంలో చదవడమే గానీ రాయలేదు. ష్లుంఫ్ పేరు చూసి రాస్తున్నాను.

మా నాన్న బట్టల మిల్లులో చేసేవారు. మిల్లు మూసేశాక బకాయిల కోసం గేటు ముందు కూర్చున్నవాళ్లలో ఆయనా ఒకరు. కాబట్టి నేను మ్యులూజ్ కథని కారు వైపు నుంచి కాదు, గేటు వైపు నుంచి చదివాను.

హాన్స్, ఫ్రిట్జ్ ఇద్దరన్నదమ్ములు. ఉన్ని దారం మిల్లులు వాళ్లవి. 1960ల నుంచీ ఫ్రిట్జ్ కార్లు కొనడం మొదలుపెట్టి మ్యులూజ్‌లో ఒక పాత మిల్లులో దాచాడు. నాలుగు వందలకు పైగా కార్లు, అందులో వందకు పైగా బుగాటీలే. లోపల ప్యారిస్ వంతెన మీద ఉండే దీపస్తంభాల్లాంటివి వందల కొద్దీ పోత పోయించి నిలబెట్టాడు. మ్యూజియాన్ని తల్లి పేరుకి అంకితం చేద్దామనుకున్నాడు. బయటివాళ్లను మాత్రం రానిచ్చేవాడు కాదు. 1970ల్లో బట్టల పరిశ్రమ దెబ్బతింది, కార్మికుల్ని తీసేశారు, 1976లో అన్నదమ్ములు సరిహద్దు దాటి స్విట్జర్లాండ్‌లోని బాసెల్ వెళ్లిపోయారు. 1977 మార్చిలో కార్మికులు ఆ షెడ్డులోకి వెళ్లారు. తలుపు తీస్తే దీపాల వరసల కింద కార్లు. జీతాలకు డబ్బుల్లేవు అని చెప్పిన యజమాని ఇంట్లో.

వాళ్లు ఏం చేశారో చూడండి. రెండేళ్లు షెడ్డుని తమ చేతుల్లో ఉంచుకున్నారు, జనాన్ని లోపలికి రానిచ్చి చూపించారు, కార్లు మాత్రం ముక్కలు చేసి అమ్ముకోలేదు. 1978లో ఫ్రాన్స్ ప్రభుత్వం ఆ కార్లన్నిటినీ చారిత్రక సంపదగా ప్రకటించి దేశం దాటకుండా చేసింది. 1981లో ఒక సంఘం 4 కోట్ల 40 లక్షల ఫ్రాంకులకు మొత్తం కొంది, 1982లో నేషనల్ మ్యూజియంగా తెరిచారు.

యజమానుల వరసలో బర్టన్, షేక్స్‌పియర్, ష్లుంఫ్, ఆ తర్వాత మ్యూజియం అని రాస్తారు. మధ్యలో ఆ రెండేళ్లూ తాళం చెవులు ఎవరి దగ్గరున్నాయి? దారం వడికినవాళ్ల దగ్గర. ఏ పట్టికలోనూ వాళ్లకు గీత కూడా గీయరు.

చార్మినార్_చాయ్
అన్నా, నీ బాధ అర్థమైంది, కార్మికుల పక్షమే నాది కూడా. కానీ ఒక్కటి ఒప్పుకోవాలి. ఫ్రిట్జ్ ష్లుంఫ్ అప్పట్లో పిచ్చిగా కొనకపోతే అన్ని బుగాటీలు ఒక చోట ఉండేవి కావు. 1960ల్లో వాటిని అంతగా పట్టించుకున్నవాళ్లు ఎంతమంది?

మిల్లు_కాలనీ
@చార్మినార్_చాయ్ ఒప్పుకుంటాను తమ్ముడూ. కొన్న కార్లని ఆయన ప్రేమించాడు, బాగు చేయించాడు. ఆ డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందన్నదే నా ప్రశ్న. మిల్లులో కొత్త మగ్గానికి పోవాల్సిన డబ్బు 41131 మీదకి వెళ్లిందంటే ఆ కారులో కార్మికుడి వాటా ఉంది. చట్టం దాన్ని యాజమాన్యం అనకపోవచ్చు.

ఛాసిస్_నంబర్
చట్టం అనదు. కానీ యాజమాన్యం వేరు, అధీనం వేరు. ఏ ఆస్తి చరిత్ర రాసినా ఆ రెండూ రాస్తాం, ఫలానా సంవత్సరం నుంచి ఫలానా సంవత్సరం దాకా ఎవరి అధీనంలో ఉందో. కాబట్టి 41100, 41131 రెండింటి వరసలో "1977 నుంచి 1979 దాకా మిల్లు కార్మికుల అధీనం" అని రాయడం ముమ్మాటికీ సరైనదే. ఈ థ్రెడ్‌లో పట్టిక తయారు చేస్తే నేను అలాగే రాస్తాను.

మిల్లు_కాలనీ
అంతకన్నా నాకు కావాల్సింది లేదు సార్.

మిషిగన్_మామ
ఒక్క ముక్క కలుపుతాను. ఈ ఆరూ ఒక్క చోట కలిసింది 1985లో, కాలిఫోర్నియా పెబుల్ బీచ్ కార్ల ప్రదర్శనలో. అప్పటికి రెండు ఫ్రాన్స్‌లో, నాలుగు అమెరికాలో ఉన్నాయి కాబట్టి కుదిరింది. మరుసటేడు హారా కార్ల వేలంతో వరస మళ్లీ మారిపోయింది. ఆ ఫోటోలో డాక్టరు గారి తెల్లటి కారుని గుర్తుపట్టడం తేలిక, టాపు మడిచే రాయల్ అదొక్కటే.

కాకినాడ_కాజా
మా అబ్బాయి చదువుకి స్ట్రాస్‌బర్గ్ వెళ్తున్నాడు. దింపడానికి వెళ్లినప్పుడు మ్యులూజ్ చూడొచ్చాండీ? ఒక్క రోజు సరిపోతుందా?

ఏనుగు_బొమ్మ
@కాకినాడ_కాజా తప్పకుండా చూడొచ్చు. స్ట్రాస్‌బర్గ్ నుంచి నేరుగా రైలుంది, గంట లోపే. బాసెల్ నుంచి వస్తే అరగంట కూడా పట్టదు. స్టేషన్ నుంచి మ్యూజియానికి ట్రామ్ ఎక్కండి. లోపలికి వెళ్లాక కూపే నెపోలియన్, పార్క్ వార్డ్ లిమోజిన్, ఎస్డర్స్ నకలు మూడూ చూడండి. బాబాయ్ అడిగారు కాబట్టి నకలు దగ్గర బోర్డు మీద ఏం రాశారో ఒక ఫోటో తీసి ఇక్కడ పెట్టండి.

పొద్దున్నే బయల్దేరితే అదే ఊళ్లో ఉన్న రైళ్ల మ్యూజియం కూడా అయిపోతుంది. అక్కడ బుగాటి రైల్‌కార్ ఒకటి ఉంది, రాయల్ ఇంజన్లతో తిరిగిన రకం. ఛాసిస్_నంబర్ గారూ, మీరు పట్టిక మొదలుపెట్టండి, 41100 నుంచి 41150 దాకా నా దగ్గరున్న తారీఖులన్నీ ఈ వారాంతంలో పంపిస్తాను.